నిజాముద్దీన్ టవర్ కింద ఎవరున్నారు?

తెలుగువాళ్ళకి నిజాముద్దీన్ అంటే ముందు గుర్తొచ్చేది రైల్వే స్టేషన్. హైదరాబాద్ నుంచి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి సమతా, తిరుపతి నుంచి ఏపీ సంపర్క్ క్రాంతి, అన్నీ వెళ్ళి ఆగేది అక్కడే. ఉద్యోగ పరీక్షలకు వెళ్ళే కుర్రాళ్ళు, ఆగ్రా చూసి తిరిగొచ్చే కుటుంబాలు, ఢిల్లీలో ఏదో ఆఫీసు చుట్టూ తిరిగి అలసిపోయినవాళ్ళు ఆ ప్లాట్‌ఫారాల మీద బ్యాగులే తలగడగా కునుకు తీసినవాళ్ళే. 2020 మార్చి చివర్లో ఆ పేరు ఇంకో కారణంతో వార్తల్లోకెక్కింది. స్టేషన్‌కి ఎంతో దూరం లేని, తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ కేంద్రమైన మర్కజ్‌లో ఆ నెల మధ్యలో జరిగిన సమావేశాలకు వెళ్ళొచ్చినవారిలో కరోనా బయటపడింది. అక్కడికి వెళ్ళొచ్చిన ఆరుగురు చనిపోయారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నుంచి దేశమంతా వెతుకులాట మొదలైంది.

ఎవరెవరు వెళ్ళారో పూర్తి జాబితా ఎవరి దగ్గరా లేదు. కానీ సెల్‌ఫోన్ టవర్ల దగ్గర ఏదో ఒక జాబితా ఎప్పుడూ ఉంటుంది. ఒక టవర్ పరిధిలో ఫలానా రోజు, ఫలానా గంటల మధ్య ఏయే ఫోన్లు పనిచేశాయో మొత్తం వివరాలు కంపెనీ నుంచి తెప్పించుకోవడాన్ని పోలీసు భాషలో టవర్ డంప్ అంటారు. దొంగతనాలు, హత్య కేసుల్లో ఏళ్ళ తరబడి వాడుతున్న పద్ధతే. ఈసారి రోగుల కోసం వాడారు. ఛత్తీస్‌గఢ్‌లో అలా తయారైన జాబితా ఒకటి హైకోర్టు దాకా వెళ్ళింది. అందులో ఎక్కువమంది అసలు ముస్లింలే కారని అప్పట్లో పత్రికలు రాశాయి. వాళ్ళలో కొందరు మర్కజ్ గుమ్మం తొక్కలేదు, ఆ చుట్టుపక్కల ఉన్నారంతే. రైలు దిగి ఆటో కోసం నిలబడ్డ మనిషీ, మర్కజ్ మూడో అంతస్తులో పడుకున్న మనిషీ టవర్‌కి ఒకటే.

దీన్ని చిన్న పొరపాటుగా తీసి పారేయొచ్చు. ఓ ఫోన్ కాల్ వస్తుంది, నేను కాదండీ అంటాం, అయిపోతుంది. కానీ అది ఎలాంటి నెల అన్నది మరిచిపోకూడదు. మర్కజ్ పేరుతో ఒక మతం వాళ్ళందరినీ అనుమానంగా చూసిన రోజులవి. కూరగాయల బండివాడిని పేరడిగి మరీ పంపించేసిన రోజులు. అదే సంవత్సరం ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాత్‌కి వచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని తన తీర్పులో రాసింది. అలాంటి వేడిలో ఒక జాబితాలో మన నంబర్ ఉండటం అంటే ఏమిటో, ఆ జాబితా వాట్సాప్‌లోకి జారితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ప్రాణాలు ముఖ్యమా, ప్రైవసీ ముఖ్యమా అని అప్పట్లో టీవీ చర్చల్లో అడిగేవారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఆ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. ఫోన్ ట్రాకింగ్ అనే ఒక్క మాట కింద అసలు పోలికే లేని నాలుగైదు పనులు కలిసిపోయాయి. వాటిలో కొన్నింటికి మన ప్రైవసీ ఇచ్చేశాం గానీ బదులుగా ప్రాణాలు దక్కాయనడానికి గట్టి రుజువు కనపడదు. కొన్నిచోట్ల ప్రైవసీ కాపాడతామన్నాకే రోగులు ధైర్యం చేసి బయటికొచ్చారు. ఆ ముడి విప్పాలంటే ముందు ఫోన్ దగ్గర మొదలుపెట్టాలి.

టవర్, ఉపగ్రహం, బ్లూటూత్

ఫోన్ జేబులో ఊరికే ఉన్నా నెట్‌వర్క్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. మనకి కాల్ వస్తే ఏ టవర్ నుంచి మోగించాలో కంపెనీకి తెలియాలి కదా. కాబట్టి టవర్ లొకేషన్ అనేది ఎవరో పన్నిన నిఘా కాదు, సెల్‌ఫోన్ పనిచేసే పద్ధతే అది. స్విచాఫ్ చేయడమో, ఫ్లైట్ మోడ్‌లో పెట్టడమో తప్ప తప్పించుకునే దారి లేదు. పాత బటన్ల ఫోనైనా ఇంతే. మన అనుమతి అడిగే ప్రసక్తే రాదు, ఎందుకంటే ఆ సమాచారం ఉండేది మన ఫోన్‌లో కాదు, కంపెనీ కంప్యూటర్లలో.

అయితే టవర్ చూపు మసక. అమీర్‌పేటలాంటి చోట టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కొన్ని వందల మీటర్ల తేడాతో చెప్పగలదు. పల్లెల్లో ఒక్కో టవర్ కిలోమీటర్ల మేర కాస్తుంది. అదీగాక మనం మంచం మీంచి కదలకపోయినా, రద్దీని బట్టి, సిగ్నల్ని బట్టి ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి గెంతుతుంటుంది.

జీపీఎస్ సంగతి వేరు. దీని మీద చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది, ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తోందని. చూడదు. ఆకాశవాణి వార్తలు ఏ ఇంట్లో ఎవరు వింటున్నారో విజయవాడ స్టేషన్‌కి తెలియనట్టే, మన ఫోన్ ఒకటుందని కూడా ఆ ఉపగ్రహానికి తెలియదు. అది సమయం చెబుతూ పోతుంది, నాలుగైదు ఉపగ్రహాల మాటలు విని మన ఫోనే లెక్క కట్టుకుంటుంది. ఆరుబయట అయితే కొన్ని మీటర్ల తేడాతో కచ్చితంగా వస్తుంది. ఆ లెక్కని ఎవరికైనా పంపేది యాప్. అంటే ఇక్కడ తాళం మన చేతిలోనే ఉంది, అనుమతి నొక్కేదాకా.

బ్లూటూత్ ఈ రెండింటికీ భిన్నం. ఎక్కడ ఉన్నామో దానికి తెలియదు, పక్కన ఎవరున్నారో మాత్రమే తెలుసు. పదడుగుల్లో ఉన్న రెండు ఫోన్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటే ఆ సంగతి రాసిపెట్టుకోవచ్చు. అంటురోగానికి నిజానికి కావలసింది ఇదే. వైరస్‌కి కావలసింది పక్కన ఊపిరి పీల్చే మనిషి. అది దిల్‌సుఖ్‌నగరా, గాజువాకా అన్నది దానికెందుకు?

వంద మీటర్ల గీత

2020 మార్చి నెలాఖరు నాటికి విదేశాల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళని కలిసినవాళ్ళు వేల సంఖ్యలో ఇళ్ళలో క్వారంటైన్‌లో ఉన్నారు. వాళ్ళు గడప దాటకుండా చూడటం ఎలా? ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది. చేతి మీద చెరగని సిరాతో ముద్ర వేశారు, తలుపులకి నోటీసులు అంటించారు. కర్ణాటక అయితే యాప్ పెట్టి, రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు వరకు మినహాయించి గంటకో సెల్ఫీ పంపమంది. ఆ సెల్ఫీలోనే లొకేషన్ కూడా వెళ్ళేది. అదే రాష్ట్రం క్వారంటైన్‌లో ఉన్నవారి ఇంటి చిరునామాలను జిల్లాలవారీగా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. సెల్ఫీ కన్నా అది ఘోరం.

ఆంధ్రప్రదేశ్ టవర్లను నమ్ముకుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తయారు చేసిన కోవిడ్ అలర్టింగ్ ట్రాకింగ్ సిస్టమ్, హోం క్వారంటైన్‌లో ఉన్న దాదాపు 25,000 మంది ఫోన్ నంబర్లను టెలికాం కంపెనీల సాయంతో కనిపెట్టుకుని ఉండేది. ఇంటి నుంచి 100 మీటర్లు దాటితే జిల్లా అధికారులకు అలర్ట్ వెళ్ళాలి. దీనికి తోడు ఇంకో పరికరం కూడా ఉంది. పాజిటివ్ వచ్చిన మనిషి గత రోజుల్లో ఎక్కడెక్కడ ఆగాడో, 15 నిమిషాలకు మించి ఎక్కడ గడిపాడో టవర్ల రికార్డు నుంచి తీసేది.

ఇందులో మంచి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. ఆ వారాల్లో అధికారులకి నిద్ర లేదు, చేతిలో మందు లేదు. కానీ పైన చెప్పిన టవర్ చూపు గుర్తు తెచ్చుకోండి. కిలోమీటర్ల లెక్కలో చూసే కంటికి 100 మీటర్ల గీత గీసి కాపలా పెట్టారు. మనిషి కదలకపోయినా ఫోన్ టవర్ మారితే అలర్ట్ మోగే వీలుంది. మనిషి నిజంగానే బయటికెళ్ళి ఫోన్ దిండు కింద పెట్టి వెళ్తే అలర్ట్ మోగే వీలే లేదు. పట్టుకోవాలనుకున్నది రెండోవాణ్ణి. దొరికేది మొదటివాడు.

తైవాన్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. అక్కడ దాన్ని ఎలక్ట్రానిక్ కంచె అన్నారు. ఫోన్ సిగ్నల్ పోతే పోలీసు ఇంటికొచ్చేవాడు. క్వారంటైన్‌లో ఉన్న ఒక విద్యార్థి ఫోన్ చార్జింగ్ అయిపోయి, నిద్ర లేచేసరికి పోలీసులు తలుపు కొట్టిన కథ ప్రపంచ పత్రికల్లో వచ్చింది. అయినా తైవాన్ కంచె పనిచేసిందంటే కారణం టవర్లు మాత్రమే కావు. రూల్ పాటించినవారికి రోజుకి 1,000 తైవాన్ డాలర్ల పరిహారం ఇచ్చారు, భోజనం, మంచిచెడ్డలు కనుక్కునే మనిషిని పెట్టారు. బయటికి పోవలసిన అవసరమే తగ్గించారు. మన దగ్గర రోజుకూలీ చేసుకునేవాడిని పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చోమన్నప్పుడు కంచె మాత్రమే తెచ్చుకున్నాం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగులు, వారిని కలిసిన 5,75,071 మంది వివరాల మీద చేసిన ఒక అధ్యయనం 2020 చివర్లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది. నూటికి డెబ్బైమందికి పైగా రోగులు తమని కలిసినవారిలో ఒక్కరికీ అంటించలేదని, ఎక్కువ వ్యాప్తికి కొద్దిమందే కారణమని తేల్చింది. ప్రపంచమంతా ఆసక్తిగా చదివిన ఆ లెక్క ఎక్కడిది? ఆరోగ్య సిబ్బంది రోగితో మాట్లాడి, కలిసినవాళ్ళ పేర్లు రాబట్టి, వాళ్ళకి పరీక్ష చేయించి పోగుచేసింది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్, ఏపీలో అయితే యాభై ఇళ్ళకో వాలంటీరు. "నాలుగు రోజుల్నించీ ఎవరెవరు వచ్చారమ్మా ఇంటికి?" అన్న ప్రశ్నకి ఏ టవరూ సాటి రాదు. ఆశా కార్యకర్తకి చెబితే రహస్యం ఆగుతుందా అంటే, ఊళ్ళో అసలు ఏ రహస్యం ఆగుతుంది గనక. కానీ ఆమె పుస్తకంలో రాసుకున్నదాన్ని రెండేళ్ళ తర్వాత ఒక బటన్ నొక్కి, ఇంకో కేసు కోసం వెతకడం కుదరదు.

కొరియా నేర్చుకున్న పాఠం, దాని వెనక పాఠం

దక్షిణ కొరియాని మెచ్చుకునేవారు ఎప్పుడూ సగం కథే చెబుతారు. 2015లో అక్కడ మెర్స్ అనే అంటుజబ్బు వచ్చింది. 186 మందికి సోకి, 38 మంది చనిపోయారు. రోగులున్న ఆసుపత్రుల పేర్లు ప్రభుత్వం మొదట దాచింది, జనం మండిపడ్డారు. ఆ కోపంలోంచి చట్టం మారింది. మహమ్మారి సమయంలో రోగి ఫోన్ లొకేషన్, కార్డు ఖర్చులు, సీసీటీవీ దృశ్యాలు వారెంట్ లేకుండా తీసుకోవచ్చు, రోగి తిరిగిన దారి జనానికి చెప్పి తీరాలి. అంటే ఇది దొడ్డిదారిన వచ్చిన నిఘా కాదు, పారదర్శకత కావాలని జనమే అడిగి తెచ్చుకున్న చట్టం.

2020లో దాని రుచి తెలిసింది. ఫలానా వయసు, ఆడ లేక మగ, ఫలానా రోజు ఇన్ని గంటలకి ఫలానా హోటల్, అక్కణ్ణించి ఫలానా చోటు అని ఊరందరి ఫోన్లకి మెసేజ్‌లు. పేరు లేదు. పేరు ఎందుకు? ఆఫీసులో ఉన్నవాళ్ళు, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఇట్టే పోల్చేశారు. ఎవరికి ఎవరితో సంబంధమో ఇంటర్నెట్‌లో పంచాయితీ పెట్టారు. జబ్బు కన్నా ఊరి నోరే భయంగా ఉన్న పరిస్థితి. మార్చి 9న ఆ దేశపు మానవ హక్కుల కమిషన్, ఇంత వివరం అవసరం లేదని చెప్పింది. ప్రభుత్వం మార్గదర్శకాలు మార్చుకుంది.

మే నెలలో సియోల్‌లోని ఇటేవాన్ క్లబ్బుల్లో కేసులు బయటపడ్డాయి. వాటిలో కొన్ని స్వలింగ సంపర్కులు ఎక్కువగా వెళ్ళే క్లబ్బులు. ఆ చుట్టుపక్కల టవర్ల రికార్డు నుంచి 10,905 మంది నంబర్లు తీశారు, అరగంటకి పైగా అక్కడున్నవారివి. నిజాముద్దీన్ లాగే ఇక్కడా, క్లబ్బుకి వెళ్ళినవాళ్ళు కొందరు, పక్క హోటల్లో నూడుల్స్ తిన్నవాళ్ళు కొందరు. పరీక్షకి వెళ్తే తమ సంగతి ఇంట్లో, ఆఫీసులో తెలిసిపోతుందన్న భయంతో చాలామంది ముందుకి రాలేదు. అప్పుడు సియోల్ నగరపాలక సంస్థ ఒక పని చేసింది. పేరు చెప్పక్కర్లేదు, ఫోన్ నంబరిస్తే చాలు, పరీక్ష చేస్తాం అంది. పరీక్షలకి వచ్చేవారి సంఖ్య పెరిగింది.

ఆ పది వేల నంబర్ల జాబితా ఎంత పనికొచ్చిందో వాదించుకోవచ్చు. కానీ వెనకాడుతున్నవాళ్ళని గుమ్మం దాకా తెచ్చింది "పేరు అడగబోము" అన్న మాట. జబ్బుని దాచుకోవాల్సిన పరిస్థితి కల్పిస్తే జబ్బు దాక్కుంటుంది. మన దగ్గర క్షయ, కుష్ఠు, హెచ్‌ఐవీలతో పనిచేసిన డాక్టర్లనడగండి, ఈ సంగతి నాకన్నా బాగా చెబుతారు.

పేర్లు తీసేస్తే చాలదా అని అడిగేవారికి ఒక లెక్క. 2013లో పరిశోధకులు యూరప్‌లోని ఒక దేశంలో 15 లక్షల మంది 15 నెలల ఫోన్ లొకేషన్లు పేర్లు తీసేసి పరిశీలించారు. టవర్ల స్థాయి వివరం, గంటకోసారి. అందులో ఒక మనిషిని మిగతా అందరి నుంచి వేరు చేయడానికి నాలుగు చోట్లు, నాలుగు సమయాలు తెలిస్తే నూటికి తొంభై అయిదు సార్లు సరిపోయింది. ఆలోచిస్తే వింతేమీ కాదు. రాత్రి పన్నెండుకి మీ వీధిలో, పొద్దున్న పదికి మీ ఆఫీసు దగ్గర ఉండే ఫోన్ ఊళ్ళో ఎన్ని ఉంటాయి? గూగుల్ 2020 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలవారీగా ఇచ్చిన రిపోర్టుల లాంటివి వేరే కోవ. పార్కుల్లో జనం ఇంత శాతం తగ్గారు, ఆఫీసుల్లో ఇంత తగ్గారు అని మందని చూపేవే తప్ప మనిషిని చూపేవి కావు. వాటితో నాకు పేచీ లేదు.

సేతువు మీద నడిచినవాళ్ళు

2020 ఏప్రిల్ 2న కేంద్ర ప్రభుత్వం యాప్ ఆరోగ్య సేతు వచ్చింది. నలభై రోజుల్లో పది కోట్ల మంది ఎక్కించుకున్నారు. మనలో చాలామందికి అది పచ్చ రంగు తెర, "మీరు సురక్షితం" అన్న మాట, ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీకి చూపించిన స్క్రీన్. లోపల జరిగేది ఏమిటంటే, యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరికొస్తే బ్లూటూత్‌తో గుర్తులు మార్చుకునేవి, పైగా జీపీఎస్‌తో ఎక్కడున్నామో కూడా రాసుకునేవి. పేరు, నంబరు, వయసు, వృత్తి ముందే సర్వర్‌లో ఉండేవి. పాజిటివ్ వస్తే ఆ చరిత్ర సర్వర్‌కి వెళ్ళేది.

అక్కడే అసలు పేచీ. అంటురోగానికి కావలసింది పక్కనున్న మనిషి అయితే, ఎక్కడున్నామో ఎందుకు? ఏప్రిల్ 10న ఆపిల్, గూగుల్ కలిసి ప్రకటించిన పద్ధతిలో లొకేషన్ అసలు తీసుకోనే కూడదు. ప్రతి ఫోను పది ఇరవై నిమిషాలకోసారి కొత్త నంబరు వేసిన చీటీలు చుట్టూ విసురుతుంటుంది, చుట్టుపక్కల ఫోన్లు ఏరుకుని దాచుకుంటాయి అనుకోండి. ఎవరికైనా జబ్బని తేలితే వాళ్ళ చీటీల నంబర్లు మాత్రం ప్రకటిస్తారు. నా సంచీలో ఆ చీటీ ఉందో లేదో నా ఫోనే వెతుక్కుంటుంది. ప్రభుత్వానికి నా సంచీ చూపించక్కర్లేదు. జర్మనీ జూన్‌లో ఇదే దారిలో యాప్ తెచ్చింది. బ్రిటన్ సొంతంగా తయారు చేసుకున్నది పక్కనపెట్టి అదే నెలలో ఇటు మళ్ళింది. నార్వే యాప్ జీపీఎస్ కూడా వాడుతుంటే ఆ దేశపు డేటా రక్షణ సంస్థ అభ్యంతరం చెప్పింది, యాప్ ఆపేశారు, అప్పటిదాకా పోగైంది చెరిపేశారు.

రెండో వైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. అన్నీ ఫోన్లలోనే ఉండిపోతే ఏ వాడలో కేసులు పెరుగుతున్నాయో ఆరోగ్య శాఖకి కనపడదు. హాట్‌స్పాట్లు ముందే పసిగట్టడానికే లొకేషన్ అని మన ప్రభుత్వం చెప్పింది. ఆ వాదన నిలవాలంటే రెండు కావాలి, యాప్ చాలామంది దగ్గర ఉండాలి, జనం దాన్ని నమ్మాలి. మొదటిదాని లెక్క చూద్దాం. పది కోట్లంటే దేశంలో నూటికి ఏడెనిమిది మంది. దారిలో కలిసిన ఇద్దరి దగ్గరా యాప్ ఉండాలి కదా. సగటున చూస్తే అలాంటి కలయికలు వెయ్యిలో ఐదారు. నగరాల్లో యాప్ ఎక్కువ కాబట్టి అక్కడ కొంత మెరుగు, పల్లెల్లో ఇంకా తక్కువ. మిగతా తొమ్మిది వందల తొంభైకి పైగా కలయికల్ని సేతువు చూడనే లేదు. పైగా బ్లూటూత్ గోడలు దాటి వెళ్తుంది, పక్క ఫ్లాట్ ఆయనకి వస్తే మనకి టెన్షన్.

రెండోది నమ్మకం. మే 1న కేంద్ర హోం శాఖ ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ యాప్ తప్పనిసరి అంది. నోయిడాలో ఫోన్‌లో లేకపోతే కేసు పెడతామన్నారు. డేటా రక్షణ బిల్లు తొలి ముసాయిదా రాసిన కమిటీకి నాయకత్వం వహించిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ, ఈ తప్పనిసరి ఆదేశం పూర్తిగా చట్టవిరుద్ధమన్నారు. మే 17కల్లా ఆ మాట "వీలైనంత మేరకు" అని మెత్తబడింది. డేటాని ఎవరికివ్వాలో, ఎన్నాళ్ళుంచాలో చెప్పే నియమాలు మే 11న వచ్చాయి, యాప్ వచ్చిన నలభై రోజులకి. ఆండ్రాయిడ్ యాప్ కోడ్ 26న బయటపెట్టారు. ఇవన్నీ మంచి పనులే, కానీ వరస తిరగబడింది. ఇల్లు కట్టి, జనాన్ని లోపలికి పంపి, తర్వాత తలుపులు బిగించారు. ఆ అక్టోబరులో ఇంకో వింత. అసలు యాప్ తయారు చేసిందెవరని సమాచార హక్కు కింద అడిగితే సరైన జవాబు రాలేదు, కేంద్ర సమాచార కమిషన్ నోటీసులివ్వాల్సి వచ్చింది.

నమ్మకం ఎలా పోతుందో చూడాలంటే సింగపూర్ వెళ్ళాలి. ఇలాంటి యాప్‌ని జాతీయ స్థాయిలో మొదట తెచ్చినవాళ్ళలో వాళ్ళొకరు, 2020 మార్చి 20న. లొకేషన్ తీసుకోలేదు, బ్లూటూత్ మాత్రమే. కాంటాక్ట్ ట్రేసింగ్‌కి, అంటే రోగిని కలిసినవాళ్ళని వెతకడానికి తప్ప దేనికీ వాడబోమన్నారు. జనం నమ్మారు. 2021 జనవరిలో, నేర విచారణ చట్టం కింద పోలీసులు ఆ డేటా తీసుకోవచ్చని, ఒక హత్య కేసులో తీసుకోబోయారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. గోల లేచాక ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. ఎవరూ కుట్ర పన్నలేదు. డేటా అక్కడుంది, పోలీసులకి ఎప్పట్నించో ఉన్న అధికారం దాని మీదికి కూడా పాకింది, అంతే. జర్మనీలో మైంజ్ పోలీసులూ, హోటల్‌కి ఎవరెవరు వచ్చారో నమోదు చేసే చెక్-ఇన్ యాప్ డేటాని ఒక మరణం కేసులో వాడి తిట్లు తిన్నారు.

మన దగ్గర కేరళలో 2020 ఆగస్టులో రోగుల కాల్ రికార్డులు సేకరించమని పోలీసులకి ఆదేశాలు వెళ్ళాయి. అప్పటి ప్రతిపక్ష నాయకుడు రమేష్ చెన్నితల హైకోర్టుకి వెళ్ళారు. మాకు ఎవరెవరితో మాట్లాడారో అక్కర్లేదు, టవర్ లొకేషన్ చాలని ప్రభుత్వం కోర్టుకి చెప్పుకుంది. ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కి అడిగితే గాని కావలసింది ఎంత, తీసుకుంటున్నది ఎంత అన్న లెక్క బయటికి రాలేదు.

చట్టం ఎక్కడుంది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. హక్కు ఉందంటే అసలు తాకకూడదని కాదు. తాకాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి సరిపోయినంత మేరకే తాకాలి. మహమ్మారి అదుపు సరైన ప్రయోజనమే, అందులో ఎవరికీ సందేహం లేదు. చిక్కంతా మిగతా రెండింటి దగ్గర.

2020లో ప్రభుత్వాల చేతిలో ఉన్నవి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 1897 నాటి అంటువ్యాధుల చట్టం. రెండోది బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్‌వాళ్ళు హడావుడిగా చేసింది, మొత్తం నాలుగు సెక్షన్లు. దాని బలంతో పుణేలో సైనికులు ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేశారు. జనం ఎంత రగిలిపోయారంటే ప్లేగు కమిషనర్ రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చి చంపారు. అలాంటి చట్టంలో సెల్ టవర్ లొకేషన్ గురించి ఎంత కాలం ఉంచాలి, ఎవరు చూడాలి అన్న మాట ఎలా ఉంటుంది? రెండు చట్టాలూ అవసరమైన చర్యలు తీసుకోండి అని వదిలేసేవే.

ఇప్పుడు పరిస్థితి మెరుగా? 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ దాని ఏడో సెక్షన్ ప్రకారం అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్య సేవల కోసం మన సమ్మతి లేకుండానే డేటా వాడవచ్చు. పదిహేడో సెక్షన్ కింద కేంద్రం తన సంస్థల్ని, శాంతిభద్రతల వంటి కారణాలతో, చట్టం నుంచే మినహాయించవచ్చు. లొకేషన్‌కి ప్రత్యేక రక్షణ అంటూ ఏమీ లేదు. సమ్మతి అడగకపోవడాన్ని నేను పెద్ద తప్పుగా చూడను. నిజంగా మహమ్మారి వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చోలేరు. సమ్మతి లేనిచోట దాని బదులు గడువు ఉండాలి, లెక్క చెప్పేవాడు ఉండాలి. ఆరోగ్య సేతు కాంటాక్ట్ ట్రేసింగ్ ఆపేశామని, ఆ డేటా చెరిపేశామని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది 2023 ఫిబ్రవరిలో. నియమాలకి మొదట పెట్టుకున్న గడువు ఆరు నెలలు.

తలుపు మీది నోటీసుల కథకి కనీసం ఒక ముగింపు ఉంది. 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు, విపత్తు చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప రోగుల ఇళ్ళకి పోస్టర్లు అంటించవద్దంది. అతికించిన కాగితం కాబట్టి అందరికీ కనపడింది, ఎవరో కేసు వేశారు.

కేరళలో ఆ తర్వాత కూడా నిపా వైరస్ వస్తూనే ఉంది, కాంటాక్టుల్ని పట్టుకోవడానికి పోలీసుల టవర్ లొకేషన్ సాయం తీసుకుంటూనే ఉన్నారు. కానీ అదే రాష్ట్రం దానితో పాటు ఇంకో పని చేస్తుంది. 2020 మార్చిలో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబానికి కరోనా తేలినప్పుడు పతనంతిట్ట జిల్లా యంత్రాంగం మొదలుపెట్టిన పద్ధతి అది. రోగి ఏ రోజు, ఏ సమయానికి, ఏ దుకాణంలో, ఏ బస్సులో ఉన్నాడో ఒక బొమ్మ గీసి జనంలోకి వదులుతారు. ఆ సమయానికి మీరు అక్కడ ఉంటే ఫోన్ చేయండి అంటారు. దీనికీ లోపం ఉంది, ఊరివాళ్ళు ఆ కుటుంబాన్ని ఇట్టే గుర్తుపట్టేశారు. కొరియా మెసేజ్‌ల తప్పే ఇక్కడా జరగొచ్చు, జరిగింది కూడా. అయినా ఆ బొమ్మని ఇటేవాన్ జాబితా పక్కన, నిజాముద్దీన్ జాబితా పక్కన పెట్టి చూడండి. బస్సెక్కిన వందమంది ఫోన్లనీ ఎవరూ బయటికి లాగలేదు. ఆ కాగితం మీద ఉన్న ఫోన్ నంబర్లు కంట్రోల్ రూమ్‌వి.